మా అమ్మమ్మ చదువు

మన యిండ్లలో వృద్ధురా లొకతె మరణించినప్పుడు ఆమె జీవితము నంతటిని ఒక్క మాటలో మూటగట్టి పెట్టె యడుగున దాచుట మన కలవాటైనది. హిందువుల యింట నా మాట ‘పుణ్యాత్మురాలు’. క్రైస్తవుల యింట ‘భక్తురాలు’. ఆ మాట పలికినంతనే వినువారు తల లూచుదురు. చెప్పువారికిని పని తీరును. ఆమె యేమి చదివినది, ఏమి తలచినది, ఎవరి నెదిరించినది, ఎచ్చట లొంగక నిలిచినది అని యడుగువా రుండరు. ఆదివారమున గుడికి బోవుట, కన్నులు మూసికొనుట, కానుక వేయుట, ఇంతియే భక్తురాలి చరిత్రమని మన యూహ.

2006వ సంవత్సరమున మా అమ్మమ్మ తన యెనుబదినాలుగవ యేట కన్నుమూసినప్పుడును ఇట్లే జరిగినది. గుడిలో మువ్వురు పెద్దలు ప్రసంగించిరి. మువ్వురును ఆమెను భక్తురా లనిరి. వారి మాట యసత్యము కాదు. కాని ఆమె యెట్టి భక్తురాలో యెరిగిన స్త్రీలు గుడిలో ఎడమప్రక్క చాపలమీద కూర్చుండియే యుండిరి. వారిలో నొక్కతెనైనను లేచి మాటాడుమని యెవరును పిలువలేదు. వారు చెప్పవలసినదానిలో నాకు తెలిసిన కొంచెము నేనిచ్చట వ్రాయుచున్నాను.

ఆమె పుట్టినది గుంటూరు జిల్లా నరసరావుపేట తాలూకాలో. నాగార్జునసాగరము కాలువ రాకముం దా ప్రాంతము మెట్టనేల. జొన్న, కంది, మిరప. వాన కురిసిన పంట, లేనినాడు వలస. ఊరికి చివర పల్లె, పల్లెకు చివర గుడి. 1842లో అమెరికా లూథరను మిషనరీ హేయరుగారు గుంటూరు చేరినది మొదలు ఆ సీమలో పల్లెల కడకు పుస్తకమును పలకయు వచ్చుట యారంభమైనది. దక్షిణమున ఒంగోలు బాప్తిస్టు మిషనులో 1878 జూలై 3వ తేదీ నొక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. గొప్ప కరువు వెంటనే జరిగిన పని గనుక, గంజి కొరకు మతము మారిన వారని వీరిని పరిహసించుట నేటికిని కొందరికి వేడుక. కరువు సహాయము సాగినంత కాలమును క్లౌదొరగారు బాప్తిస్మము లిచ్చుట నిలిపియుంచి రను సంగతి యీ పరిహాసకులు చెప్పరు. మా అమ్మమ్మ కా వాదముతో పని లేదు. ఒకసారి మా పొరుగాయన ఆ మాట యెత్తగా ఆమె విసనకఱ్ఱ యాపకయే, “గంజి పోసినవాళ్ళు చాలామంది ఉన్నారు బాబూ. పుస్తకం చేతికిచ్చినవాళ్ళు ఎవరున్నారో చెప్పు” అన్నది.

ఆ పుస్తకము మాత్ర మామె చేతికి వెంటనే రాలేదు. 1937లో పదునైదవయేట ఆమెకు వివాహమైనది. వరుడు పల్లె పాఠశాలలో ఉపాధ్యాయుడు. పగలు పిల్లలకును, రాత్రి లాంతరు వెలుగున కూలివాండ్రకును అక్షరములు దిద్దించినవాడు. ఆయన శిష్యులలో పట్వారీలైనవారును, ఉపదేశులైనవారును గలరు. అట్టి మహనీయుని భార్య పండ్రెండేండ్లు నిరక్షరాస్యురాలై యుండెను! మా తాతగారు దుర్మార్గుడు కాడు, మిక్కిలి సాత్త్వికుడు. భార్యకు చదువు చెప్పకూడదని ఆయన యెన్నడును అనుకొనలేదు; చెప్పవలెనని గూడ ననుకొనలేదు. అంతే. మన సంస్కర్తలలో ననేకుల దీపము వీధి కంతకు వెలుగిచ్చి వంటయింటిని చీకటిలో నుంచుట ఆనాటి కొత్త కాదు, నేటి కొత్తయు కాదు.

1949లో పల్లెకు వారమునకు రెండుమారులు వచ్చెడు నొక బైబిలు స్త్రీ ఆమెకు చదువు నేర్పినది. ఈ బైబిలు స్త్రీల చరిత్రము మన సాహిత్యములో నెవ్వరును సరిగా వ్రాయలేదు. తెల్లచీర, గొడుగు, సంచిలో పుస్తకములు, చేతిలో పొడవాటి పటముల చుట్ట. వీరిలో పలువురు వితంతువులు. కాలినడకను ఊరూర తిరిగి, పురుషు డడుగు పెట్టరాని పెరళ్ళలో కూర్చుండి, వడ్లు దంచువారి ప్రక్కన రోలుమీదనే పుస్తకము తెరచి చదివించిన యుపాధ్యాయినులు. జీతము స్వల్పము, గౌరవ మంతకంటె స్వల్పము. మా అమ్మమ్మ గురువును ‘అక్కయ్యగారు’ అని తలచుకొనుచుండెడిది. ఆమె పేరు తలచినప్పుడెల్ల కొంగు సవరించుకొనెడిది.

అక్షరములు మూడు నెలలలో వచ్చినవి. అర్థము రాలేదు. తెలుగు బైబిలు పందొమ్మిదవ శతాబ్దమున పండితుల సాహాయ్యముతో రచింపబడినది గనుక దాని భాష గ్రాంథికము. మా అమ్మమ్మ తొలిసారి యొక యధ్యాయమును తడుముకొనుచు ముగించి, “చదువుతున్నాను గాని అక్కయ్యగారూ, ఎవరో పెద్దింటివాళ్ళు గోడవతల మాట్లాడుకుంటున్నట్టుంది” అన్నదట. గిడుగు రామమూర్తి పంతులుగారు, 1940లో గతించువరకును, పండితులతో చెప్పి చెప్పి యలసిన సంగతిని ఆమె యొక్క వాక్యములో తేల్చివేసినది. ఇట్టి గ్రాంథికములోనే యీ మాట వ్రాయుట పాఠకులకు నవ్వు పుట్టించిన పుట్టించుగాక. ఆమె మాత్రము గోడ కీవల నూరకుండలేదు. తెలియని మాట తగిలినచోట పుటలో వేపపుల్ల యొకటి పెట్టెడిది. ఆదివారము ఆరాధన కాగానే పుల్ల లెన్ని యున్నవో యన్ని ప్రశ్నలు పాస్టరుగారికి వేసెడిది. అప్పటి పాస్టరుగారు ఆమెను జూచి గుడి వెనుకతలుపున వెళ్ళుట యలవాటు చేసికొనిరని మా అమ్మ చెప్పి నవ్వుచుండెడిది.

కీర్తనలు మాత్రము చదువు రాకపూర్వమే ఆమెకు నూటికి పైగా వచ్చును. మన క్రైస్తవ కీర్తనలను పరదేశపు పాటలని తలచువారు వానిని వినియుండరు. పురుషోత్తమ చౌధురిగారు (1803–1890) మొదలగు కవులు వానిని రాగతాళములతో రచించిరి. పుస్తక మక్కరలేకయే అవి పొలముగట్లమీద నడచినవి. కలుపు తీయుచు మా అమ్మమ్మ యెత్తిన చరణమును నాలుగు చేలకవతల నున్నవా రందుకొనెడివారట.

ఆమె భక్తిలో నాకు గిట్టని యంశములును గలవు, దాచ నేల? ఊరి తిరునాళ్ళకు పిల్లలను పోనిచ్చెడిది కాదు. సినిమా యన్న పాపకూపమే. కుటుంబ ప్రార్థనలో ఊరిలోని ప్రతి యింటిని పేరు పేరున దేవునికి విన్నవించుటచే అది ముగియులోపల పిల్లల మందరమును నిద్రపోయెడివారము, అన్నము చల్లారెడిది. ఆ జాబితాలో తమ బావినీరు మాకు ముట్టనీయని యిండ్లును ఉండెడివి; ఆ యిండ్లలోని రోగుల పేరులు మరి రెండుసార్లు ఉండెడివి. ఇందలి యౌదార్యము నా కిప్పుడు తెలియును. ఆకలి మాత్రము నాటిదే జ్ఞాపక మున్నది.

ఇక ఆమె పిడికెడు బియ్యపు కథ చెప్పవలెను. మా ప్రాంతపు సంఘములలో స్త్రీలు పూటపూటకును ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయుదురు. వారాంతమున నది గుడికి చేరును. పాస్టరుగారి పోషణకును, బీదల సాయమునకును, కప్పు మరమ్మతునకును అదియే యాధారము. పిడికెడనగా నెంత యని తేలికగా తలపరాదు. కడుపునిండ బియ్యములేని యింట నది యొక పిల్లవాని ముద్ద. మా అమ్మమ్మ పల్లెలోని యిరువది రెండు కుండల బియ్యమును శనివారము నాడు పోగుచేయు బాధ్యతను తనపై వేసికొన్నది. చదువు రాని కాలమున గోడమీద బొగ్గుతో గీతలు గీచి లెక్క యుంచెడిది: సోలకు చిన్నగీత, మానికకు పెద్దగీత. చదువు వచ్చిన తరువాత నొక చిట్టాపుస్తకము వచ్చినది.

పుస్తకము వచ్చిన తోడనే ప్రశ్నయు వచ్చినది. ఒక యేడాది చివర సంఘసభలో ఆమె లేచి, స్త్రీ లిచ్చిన బియ్యము ఇన్ని కుంచములైనదని చదివి, అమ్మగా వచ్చిన పైక మెంత, ఖర్చెంత యని యడిగినది. సభలో స్త్రీ మాటాడుట యదియే మొదలు. కోశాధికారి మిక్కిలి నొచ్చుకొని, దేవుని కిచ్చినదానికి లెక్క లడుగుట విశ్వాసలోప మనెను. అందు కామె, “దేవుణ్ణి అడగటం లేదు నాయనా, నిన్నడుగుతున్నాను” అన్నది. ఆయన దొంగ కాడని తరువాత తేలినది. లెక్క వ్రాయుట రానివాడు మాత్రమే. మరుసటి నెల మొదలుకొని మొదటి ఆదివారమున ఆరాధన ముగియగానే సంఘపు జమాఖర్చులు పైకి చదువుట యాచార మైనది. ఆ కాగితము వ్రాసియిచ్చినది అమ్మమ్మయే. చదివినది మాత్రము ఎల్లప్పుడును ఒక పురుషుడు. సంఘపెద్దల పట్టికలో ఆమె పేరు చచ్చువరకును చేరలేదు.

ఇంతవరకు వ్రాసినదంతయు పల్లెకు తెలిసిన సంగతియే. 1969 వేసవిలో జరిగినది మా యింటివారికి తప్ప చాలమందికి తెలియదు. అప్పటికి నాకు పదుమూడేండ్లు.

మా తాతగారు జీతములో మిగిల్చిన పైకముతోను, అమ్మమ్మ గేదెపాల సొమ్ముతోను, మూడు దఫాలుగా ఆరెకరముల మెట్ట కొనియుండిరి. అంతయు తాతగారి పేరనే యుండెను. ఆయన వీలునామా వ్రాయకయే 1966లో పోయిరి. 1967 ఆగస్టులో సాగరము కాలువలకు నీరు విడిచిరి. జొన్న పండిన చేల గట్లు తెగి మళ్ళయినవి. ఎవరును పలుకరింపని నేలకు బేరగాండ్రు వచ్చిరి. అంతవరకు ఆ యాస్తిని గురించి యొక్కమాట యెత్తని మా పెద్దమామయ్య పంపకపు కాగితములు వ్రాయించెను. కొడుకు లిద్దరికిని చెరి మూడెకరములు; తల్లికి జీవనాంశము; మా అమ్మకును పిన్నికిని చీర, సారె, చెరి నూరు రూపాయలు. ఆడపిల్లలు తమ హక్కు విడిచితిమని వ్రాలు చేయవలెను. దీనిలో మామయ్య యేదో ఘోరము చేయుచున్నా డని యెవరును తలపలేదు. నాలుగు ఊళ్ళలో జరుగుచున్నది అదియే.

వసారాలో చాపలు వేసిరి. పాస్టరుగారు, సంఘపెద్ద లిద్దరు వచ్చిరి. పళ్ళెములో క్రొత్తచీరలు. మా అమ్మ “అన్నయ్యతో మనకు మాట ఎందుకు” అనుచు కలము చేతబట్టినది. అమ్మమ్మ ఆ కలము తీసికొని ప్రక్కన బెట్టి, లోపలికి పోయి, కండ్లజోడును బైబిలును తెచ్చినది. సంఖ్యాకాండము ఇరువదియేడవ యధ్యాయము తీసి, సెలోపెహాదు కుమార్తెల కథ తడబాటు లేకుండ చదివినది. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా యను అయిదుగురును మోషే యెదుట నిలిచి తండ్రి స్వాస్థ్యములో భాగ మడిగిరి. వారడిగినది న్యాయమని తీర్పైనది.

“ఐదుగురు ఆడపిల్లలు గుడారం ముందర నిలబడి అడిగితే మోషే కసరలేదు గదండీ అయ్యగారూ” అని యామె పాస్టరుగారి వంక జూచినది.

మామయ్యయు చదివినవాడే. “వాళ్ళకు అన్నదమ్ములు లేరమ్మా. కొడుకు లేకపోతేనే కూతురికని అక్కడే రాసి ఉంది” అన్నాడు. మాట నిజము. పెద్దల మొగములు తేటపడినవి. మా అమ్మ మరల కలము వైపు చేయి చాచినది.

అమ్మమ్మ పుటలు త్రిప్పినది. తొందర లేదు, వ్రేలు తడిచేసికొని యొక్కొక్కటే త్రిప్పినది. ఒకచోట నాపి పుస్తకమును పాస్టరుగారి యొడిలో బెట్టి, “ఇది మీరు చదవండి” అన్నది. అది యోబు గ్రంథపు కడపటి యధ్యాయము. కష్టములు తీరిన తరువాత యోబునకు ఏడుగురు కుమారులును ముగ్గురు కుమార్తెలును కలిగిరనియు, ఆ కుమార్తెలు యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అనియు, తండ్రి వారికి అన్నదమ్ములతోపాటు స్వాస్థ్య మిచ్చెననియు అందున్నది. పాస్టరుగారు చదివి, మరల తమలో చదివికొని, యూరకుండిరి.

“యోబంటే అందరికీ పుండ్లూ బూడిదే గుర్తు. చివరిదాకా ఎవరూ చదవరు” అన్నది అమ్మమ్మ.

ఆ పాస్టరుగారిని నేను మెచ్చుకొనవలెను. ఆయన శాంతి సమాధానముల కొరకై సర్దుకొమ్మని చెప్పుటకు వచ్చినవారు, చెప్పలేదు. కాగితములు మడిచి మామయ్య చేతికిచ్చి, “నరసరావుపేట పోయి వకీలును అడుగు నాయనా” అనిరి.

వకీలు చెప్పినది అమ్మమ్మ యడిగినదానికంటె నెక్కువ. 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము ప్రకారము వీలునామా లేక మరణించిన క్రైస్తవుని యాస్తిలో మూడవవంతు భార్యకు. మిగిలిన రెండు వంతులలో కొడుకును కూతురును సమభాగులు. ఆ లెక్కను ఆరెకరములలో రెండు తల్లివి, బిడ్డలు నలువురికిని ఒక్కొక్కటి. నలుబదినాలుగేండ్లుగా నున్న చట్టము మా పల్లెలో నొక్కరికిని తెలియదు! తెలిసిన యొకరిద్దరును చెప్పలేదు. చదువరులు దీనిని కొంచెము నిదానించి చూడవలెను. హిందూ కుటుంబములలో సమష్టి యాస్తియందు కుమార్తెకు కొడుకుతో సమానమైన హక్కును ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1986లో చట్టము చేసినది. దేశమంతటికి నది 2005లో వచ్చినది. తిరువాన్కూరు క్రైస్తవులలోనో, 1916 నాటి చట్టము కూతురికి కొడుకు భాగములో నాల్గవవంతు, లేదా అయిదువేల రూపాయలు, ఏది తక్కువైన నది యనెను; మేరీ రాయిగారు సుప్రీము కోర్టువరకు పోయి 1986లో దానిని తొలగింపజేసికొనిరి. మా ప్రాంతపు క్రైస్తవ స్త్రీ కా పోరాట మక్కరలేకయే హక్కు చేతిలో నున్నది. చేతిలో నున్నదానిని చీర సారెలకు విడుచుట మర్యాద యని నేర్పితిమి. విడిచినదానిని మంచి యాడపడుచని కీర్తించితిమి. కాగితముమీది హక్కును పసుపురాచిన గడప యెట్లు మ్రింగునో తెలియవలెనన్న మా పల్లె చాలును.

దస్తావేజు ఆ సంవత్సరమే చట్టప్రకారము రిజిస్టరైనది. మామయ్య నాలుగేండ్లు తల్లితో మాటాడలేదు. గుడిలో ప్రభురాత్రి భోజనపు వరుసలో నామె ప్రక్క మోకరింపవలసి వచ్చినపుడు వెనుకకు తగ్గెడివాడు. అమ్మమ్మ దానికి నొచ్చుకొన్నది. రాత్రి ప్రార్థనలో అతని పేరు వచ్చునప్పటికి గొంతు మారుట మేము వినెడివారము. కాని ‘వానికి ఇచ్చివేయుదము’ అని యొకనాడును అనలేదు. 1973లో మామయ్య భార్య జబ్బుపడగా మా పిన్ని పోయి మూడు నెలలు ఆ యింటిపని చేసినది. ఆ తరువాత మాటలు కలిసినవి. ఎట్లు కలిసినవో యెవరికిని గుర్తులేదు.

మా అమ్మ వంతు ఎకరము నా చదువునకు అమ్ముడుపోయినది. నేను ఉపాధ్యాయినినై యిన్నేండ్లు జీవించినది ఆ మడిచెక్కమీదనే. అమ్మమ్మ తన రెండెకరములకు వీలునామా వ్రాసినది: మనుమలకును మనుమరాండ్రకును సమముగ. వ్రాయించలేదు, స్వహస్తముతో వ్రాసినది. అక్షరములు పెద్దవి, పంక్తులు వంకర, భాష మాత్రము శుద్ధ గ్రాంథికము.

2013లో దక్షిణ ఇండియా సంఘమున నంద్యాల మండలమునకు పుష్పలలితగారు బిషప్పుగా నభిషేకింపబడిరి. ఆ సంఘమునకు బిషప్పైన మొదటి స్త్రీ ఆమెయే. ఆ వార్త వచ్చిననాడు మా పిన్ని నాకు ఫోను చేసి, “మీ అమ్మమ్మ ఉంటే ఆవిడ దగ్గరకూ చిట్టాపుస్తకం తీసుకెళ్ళేది” అన్నది. ఎనిమిదేండ్లు ముందు పోయిన మనిషి గనుక బిషప్పుగారికి ఆ ప్రమాదము తప్పినది అంటిని. ఎనిమిది కాదు, ఏడేనని పిన్ని దిద్దినది. లెక్క యామెకును తల్లినుండియే వచ్చినది.

పిన్ని ఎకరము నేటికిని పిన్నిదే. దానిని కౌలుకు చేయుచున్నది పెద్దమామయ్య కొడుకు. కోత కాగానే ధాన్యము కొలిచి బండిమీద వేసి తానే తెచ్చి దింపును. పిన్ని బస్తాలు లెక్కపెట్టి, చిట్టాలో వ్రాసి, మొదటి బస్తా విప్పి ఒక కుంచము తీసి వేరుగ నుంచును. అతడు మెట్లమీద కూర్చుండి, అత్త లెక్క ముగియువరకు మజ్జిగ త్రాగుచుండును.